పురుగుల మందు పెట్టెకు ఏ తాళం వేయాలి?

(నస్రుల్లాబాద్‌లో రోగుల కుటుంబ సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగం)



మీలో కొందరు ఇంటి మనిషిని వార్డులో పడుకోబెట్టి వచ్చి ఇక్కడ కూర్చున్నారు. కొందరు రేపో ఎల్లుండో మీ వాళ్ళను ఇంటికి తీసుకొని వెళ్ళబోతున్నారు. బి.పి. ఉన్నవారికి ఉప్పు తగ్గించమని, షుగరు ఉన్నవారికి తీపి మానమని మేము ఎప్పుడూ చెబుతూనే ఉంటాము. ఈ రోజు మాత్రం ఒక తాళం గురించి చెప్పదలచుకున్నాను. ఆసుపత్రికీ తాళానికీ ఏమి సంబంధమని మీకు అనిపించవచ్చు. పురుగుల మందు తాగిన మనిషిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు ఇంటివారు తరచుగా చెప్పే మాట ఒకటి ఉంది: "డబ్బా అక్కడనే ఉండె సారూ." ఆ "అక్కడనే" అన్న మాట గురించే నా ప్రసంగం.

నిజాంసాగర్ నీళ్ళు పారే ఈ ప్రాంతంలో వరి ఉంది, చెరుకు ఉంది, సోయా, మొక్కజొన్న ఉన్నాయి. పంట ఉన్న ఇంట్లో మందు డబ్బా ఉంటుంది. దానిని ఎక్కడ పెడుతున్నాము? మంచం కింద, వంటింటి అటక మీద, దూలం సందున, స్నానాల గదిలో. పెద్దలకు, పిల్లలకు, కోపంలో ఉన్నవారికి, తాగి వచ్చినవారికి, అందరికీ అందే చోటనే పెడుతున్నాము.

ఆ అరగంట గడవాలి

ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన నెలల తరబడి పథకం వేసుకొని వస్తుందని మనము అనుకుంటాము. అన్నిసార్లూ అలా జరుగదు. మందు తాగి బ్రతికినవారిని వైద్యులు అడిగి తెలుసుకున్నప్పుడు, చాలామంది అరగంట కూడా ఆలోచించలేదని తేలింది. భార్యాభర్తల గొడవ, అప్పులవాడు నలుగురిలో అన్న మాట, పరీక్ష తప్పిన పిల్లవాడిని తండ్రి తిట్టిన తిట్టు, ఇలాంటివే కారణాలు. ఆ క్షణంలో చేతికి ఏది అందితే అదే తీసుకుంటారు. అందకపోతే ఆ ఉధృతి తగ్గుతుంది, ఎవరో ఒకరు వస్తారు, ఏడుస్తారు, నిద్రపోతారు. అలా గండం గడిచి బ్రతికినవారిలో ఎక్కువమంది తరువాత కూడా బ్రతికే ఉంటారు. కాబట్టి తాళం చేయవలసిన పని ఒక్కటే: ఆలస్యం చేయడం.

ఏ తాళం మంచిది?

విదేశాలలో ఇంట్లో తుపాకీ ఉన్నవారు దానిని దాచే ఇనుప పెట్టెకు బ్యాటరీతో పనిచేసే ఎలక్ట్రానిక్ తాళం మంచిదా, తాళంచెవి లేక డయల్ ఉన్న పాత పద్ధతి తాళం మంచిదా అని వాదించుకుంటారు. మన దేశంలో కూడా లైసెన్సు తుపాకీని భద్రంగా దాచే బాధ్యత లైసెన్సు ఉన్నవారిదే. అయితే మన పల్లెల్లో తుపాకీ ఉన్న ఇళ్ళు బహు తక్కువ, మందు డబ్బా ఉన్న ఇళ్ళు ఎక్కువ. ఆ ప్రశ్ననే మనము మన పెట్టెకు వేసుకుందాము. ఒక తేడా గమనించండి. తుపాకీ పెట్టె అవసరమైనప్పుడు క్షణాల్లో తెరుచుకోవాలని వారిలో చాలామంది కోరుకుంటారు. మన పెట్టె మెల్లగా తెరుచుకుంటేనే మనకు మేలు. పురుగు పట్టిన పొలానికి పది నిమిషాలు ఆలస్యంగా మందు కొడితే పంట పోదు.

1. ఎలక్ట్రానిక్ తాళం: నంబర్లు నొక్కితే తెరుచుకుంటుంది. తాళంచెవి దాచే బాధ లేదు, నంబరు మార్చుకోవచ్చు. కొన్ని రకాలలో పలుమార్లు తప్పు నొక్కితే కాసేపు అసలు తెరుచుకోదు. ఇవి మంచి గుణాలే. కానీ ఇది బీరువాలో బంగారానికి, కాగితాలకు తయారైన వస్తువు. మోటారు గదిలోని తేమకు, ఎండ వేడికి, మందుల ఆవిరికి లోపలి తీగలు పాడవుతాయి, సెల్లులు కారిపోతాయి. సెల్లులు అయిపోతే తెరవడానికి చాలావాటికి విడిగా ఒక తాళంచెవి కూడా ఇస్తారు. ఆ చెవి గోడ మేకుకు వేలాడితే నంబరు పెట్టి లాభం లేదు. వేలిముద్ర రకమైతే నాట్లు వేసి, కలుపు తీసి అరిగిన వేళ్ళను సరిగా గుర్తించదు. ధర కూడా ఎక్కువ.

2. నంబరు చక్రాల తాళం: సూటుకేసుకు ఉండే రకము. సెల్లులు అక్కరలేదు. మూడు చక్రాలుంటే వెయ్యి నంబర్లు, నాలుగుంటే పదివేలు. మూడు చక్రాల తాళాన్ని ఓపికగా తిప్పుకుంటూ పోతే గంట, గంటన్నరలో తెరవవచ్చు. కనుక నాలుగు చక్రాలది తీసుకోండి. అయితే కొన్నప్పుడు ఉన్న 0000 మార్చనివారు, బండి నంబరునో పిల్లవాడు పుట్టిన సంవత్సరాన్నో పెట్టుకునేవారు ఉన్నారు. ఆ నంబరు ఇంటిల్లిపాదికీ తెలుసు. పైగా నంబరు ఒకసారి తెలిసిన మనిషి దానిని మరచిపోలేడు.

3. తాళంచెవితో తెరిచే మామూలు తాళం: చవక. కరెంటు, సెల్లులు అక్కరలేదు. ఏడాదికి రెండుసార్లు నాలుగు చుక్కల నూనె వేస్తే చాలు. అన్నిటికంటే పెద్ద మేలు ఏమిటంటే, తాళంచెవిని ఇంట్లో నుండి బయటకు పంపించవచ్చు. మనసులో ఉన్న నంబరును ఎక్కడికి పంపగలము? దీని లోపం కూడా చెవిలోనే ఉంది. కొత్త తాళంతో రెండు మూడు చెవులు వస్తాయి. ఒకటి దాచి, మిగిలినవి దేవుడి గూటిలో పెడితే తాళం వేయనట్లే.

కాబట్టి నా సలహా: మందమైన రేకు పెట్టె, గట్టి గొళ్ళెం, మంచి తాళంకప్ప. పెట్టెను నేలకో గోడకో బోల్టులతో బిగించండి. వీలైతే రెండు గొళ్ళేలు, రెండు తాళాలు పెట్టి, రెండు చెవులూ ఇద్దరి దగ్గర ఉంచండి.

పెట్టె ఒక్కటే చాలదు

ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి. శ్రీలంకలో అనురాధపుర ప్రాంతంలో 180 గ్రామాలలో, సుమారు 53 వేల ఇళ్ళతో ఒక పెద్ద పరిశోధన చేశారు. సగం గ్రామాలలో ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చారు. మూడేళ్ళు చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. పెట్టెలు ఇచ్చిన గ్రామాలలో మందు తాగేవారి సంఖ్య ఇవ్వని గ్రామాలకంటే తగ్గలేదు. ఆలోచించండి. పెట్టె ఇంటి ఆవరణలోనే ఉండి, చెవి కూడా ఇంట్లోనే ఉంటే, అది డబ్బాను దాచినట్లు కాదు, ఎక్కడుందో చూపించినట్లు అవుతుంది. పని తొందరలో తాళం వేయడమే మరిచిపోయినా అంతే.

తమిళనాడులో చెన్నైకి చెందిన స్నేహ సంస్థవారు, డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ గారి ఆధ్వర్యంలో, ఇంకొక దారి చూశారు. కడలూరు జిల్లాలో ఊరికి ఒక గది కట్టి, రైతులకు బ్యాంకు లాకర్ల వంటి విడి పెట్టెలు ఇచ్చారు. మందు కావాలంటే అక్కడికి వెళ్ళాలి, అక్కడ ఒక మనిషి ఉంటాడు. 2013లో ప్రచురించిన ఆ ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. చిన్న అధ్యయనమే అయినా మనకు ఒక మాట నేర్పుతుంది. ప్రాణం కాపాడేది ఇనుము కాదు, ఇంటికీ మందుకూ మధ్య ఉన్న దూరమూ, ఆ దూరంలో నిలబడి ఉన్న మరొక మనిషీ.

ప్రమాదకరమైన మందులను ప్రభుత్వాలు నిషేధించడం ఇంకా పెద్ద మేలు. శ్రీలంకలో అలా చేసినందువల్ల ఎన్నో వేల ప్రాణాలు నిలిచాయి. మన దేశంలో కూడా ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఫోరేటు, ట్రైజోఫాస్ వంటివి 2020 చివరి నుండి నిషేధంలో ఉన్నాయి. మీ పాత డబ్బాలలో ఇలాంటివి మిగిలి ఉన్నాయేమో చూసి, ఏమి చేయాలో వ్యవసాయ అధికారిని అడగండి. కాలువలో మాత్రం పారబోయకండి.

తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

భర్త దగ్గరా, భార్య దగ్గరా? గొడవ ఆ ఇద్దరి మధ్యనే వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, ఇద్దరి దగ్గరా వద్దంటాను. పాలివాళ్ళలో ఒకరు, పక్కింటి అక్క, పెదనాన్న, నమ్మకమైన మనిషి ఎవరైనా సరే. వారితో ఇలా మాట్లాడండి:

"అన్నా, మా మందు పెట్టె తాళంచెవి నీ దగ్గర పెట్టుకో. నేనొచ్చి అడిగినా సరే, ఏ పొలానికి, ఏం పురుగని అడిగినంకనే ఇయ్యి. నా మొఖం బాగలేకుంటే ఇయ్యకు. కూసోబెట్టి చాయ్ తాపియ్యి."

ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళిన తరువాత మొదటి వారాలు చాలా జాగ్రత్తగా ఉండవలసిన కాలము. ఆ మనిషి ఇంటికి చేరకముందే డబ్బాలు ఇల్లు దాటాలి. ఇంట్లోని మాత్రలు కూడా ఎవరో ఒకరు తమ దగ్గర పెట్టుకొని, ఏ పూటకు ఆ పూట ఇవ్వాలి. "నన్ను అనుమానిస్తున్నారా?" అని అడిగితే, "అనుమానం కాదు, నువ్వు మాకు కావాలి" అని చెప్పండి. చనిపోవాలని అనిపిస్తున్నదా అని నేరుగా అడగడానికి భయపడకండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగేవారు ఉన్నారని ధైర్యం కలుగుతుంది.

గుర్తుంచుకోవలసినవి

– ఈ పంటకు కావలసినంతే కొనండి. మిగలకపోతే దాచే పని లేదు.
– కూల్‌డ్రింకు సీసాలో, నీళ్ళ సీసాలో మందు పోయకండి. పిల్లలు తాగుతారు.
– డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు విషం ఎంత తీవ్రమో తెలుపుతాయి. ఎరుపు అన్నిటికంటే తీవ్రమైనది. ఆకుపచ్చ అంటే తాగినా ఏమీ కాదని అర్థం కాదు.
– ఎవరైనా తాగితే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఉప్పు నీళ్ళు, పేడ నీళ్ళు తాగించి కక్కించకండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తడిసిన బట్టలు తీసి ఒళ్ళు సబ్బుతో కడగండి, మీ చేతులకు కవర్లు తొడుక్కోండి. డబ్బాను కూడా తీసుకొని రండి.
– "బాగానే ఉన్నాడు" అని ఇంట్లో ఉంచకండి. కొన్ని గడ్డి మందులు మొదటి రోజు ఏమీ కానట్లే కనిపిస్తాయి.
– పోలీసు కేసు భయంతో నిజం దాచకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూస్తుంది. వారికి కావలసింది చికిత్స, శిక్ష కాదు.
– మనసు బాగోలేనప్పుడు పగలైనా రాత్రైనా 14416కు, అంటే టెలీ మానస్‌కు, ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టనవసరం లేదు, తెలుగులో మాట్లాడతారు.

సోదర సోదరీమణులారా, ఈ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: "మందు డబ్బాలు ఎక్కడున్నయి?" సమాధానం "అక్కడనే ఉన్నయి" అని వస్తే, మీ మనిషి డిశ్చార్జి అయ్యే లోపల వాటిని ఇల్లు దాటించి, పెట్టెలో పెట్టి, తాళం వేయించండి. ఎలాంటి తాళమైనా సరే, చెవి మాత్రం మరొక ఇంట్లో ఉండాలి.

మీ వాళ్ళు త్వరగా కోలుకోవాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.