పాత ఎలక్ట్రిక్ పియానో కొనదగునా?

సంగీతము నభ్యసించు యువకులు తరచుగా ఒక ప్రశ్న వేయుచుందురు. ఒక చిన్న డిజిటల్ కీబోర్డులో నూరు వాద్యముల ధ్వనులు దొరకుచుండగా, అంతకు పలురెట్లు ధర పోసి నలుబది యేబది యేండ్లనాటి ఎలక్ట్రిక్ పియానోను కొనుట వివేకమా?

ముందుగా ఆ వాద్యమెట్టిదో చూతము. పేరు ఎలక్ట్రిక్ పియానోయే గాని, అందు నాదము విద్యుత్తువలన పుట్టదు. రోడ్స్ పియానోలో మెట్టు నొక్కగనే చిన్న సుత్తి యొకటి సన్నని ఉక్కు కడ్డీని తాకును. ఆ కంపనమును అయస్కాంతముగల పికప్ గ్రహించి ఆంప్లిఫయరునకు పంపును. వుర్లిట్జరులో కడ్డీకి బదులు ఉక్కు రీడు ఉండును. హార్మోనియము రీడు గాలికి పలుకును; ఇది సుత్తి దెబ్బకు పలుకును. మెల్లగా తాకిన మృదువుగను, గట్టిగా మోదిన కరకుగను పలుకుట ఈ వాద్యముల గుణము. 1959లో రే చార్లెస్ ‘వాట్ డ్ ఐ సే’ పాటలో వినిపించినది వుర్లిట్జరే.

1983లో యమహా డిఎక్స్7 అను డిజిటల్ వాద్యము వచ్చినది. మోయుటకు తేలిక, శ్రుతి చెడదు. దాదాపు అరువది కిలోల రోడ్స్ దాని ముందు నిలువలేకపోయినది. ఆ దశకములోనే ఈ పాత పియానోల తయారీ ఆగిపోయినది. అయినను ఆ స్పర్శను మరువని వారుండుటచేతనే 2021లో రోడ్స్ పేరిట మరల కొత్త పియానో వెలువడినది.

కొనదలచినవారు ప్రతి మెట్టును మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి వాయించి చూడవలెను. రోడ్స్ సుత్తుల రబ్బరు కొనలు గట్టిపడి గాడులు పడినవేమో గమనింపవలెను. వుర్లిట్జరు రీడ్లు గట్టి వాయింపునకు అలసి విరుగుట కలదు. విడిభాగములు నేటికిని క్రొత్తగా తయారగుచున్నవి గాని, అమర్చు చేయి దొరకుట కష్టము. అమెరికాలో 120 వోల్టులకై చేసిన వుర్లిట్జరును మన 230 వోల్టులకు నేరుగా తగిలించిన కాలిపోవును, ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. రోడ్స్ ‘స్టేజ్’ రకమునకు స్వయముగా విద్యుత్తు అక్కరలేదు, ఆంప్లిఫయరు చాలును.

నేర్చుకొనుట ఇప్పుడే ఆరంభించిన వారికిని, రికార్డింగులో ఆ నాదము మాత్రమే కావలసిన వారికిని డిజిటల్ వాద్యమే మేలు. ప్రతిదినము వాయించువారు, స్క్రూడ్రైవరు పట్టుటకు వెనుదీయనివారు నిశ్చింతగా కొనవచ్చును. ధర ఎంత యని అడుగుటకు ముందు, చెడినచో బాగుచేయువారెవరని అడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము దొరకనిచో, ఎంత చౌకగా వచ్చినను అది మూలనుండు బరువే యగునని మా అభిప్రాయము.