చూచినవాని మాట



ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు వ్యాకరణమును, భారతమును చెప్పిన యీ ముసలి పండితుడు నేడు సినిమాలనుగూర్చి ముచ్చటింప వచ్చినాడేమి యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, తప్పులేదు. నేను సినిమాలు తీయువారి ఘనతను చెప్పబోవుట లేదు. "ఫలానా చిత్రము బాగున్నది, నీవును పోయి చూడుము" అని యొక సామాన్య ప్రేక్షకుడు తోడివానితో చెప్పు మాట యున్నది గదా, దాని విలువనుగూర్చి మనవి చేయదలచితిని. చూచుటకు చిన్న మాటయే. కాని యట్టి మాట నొకదానిని నేను తప్పుగా పలికి, నలువదియేండ్లకు పైగా దాని బరువును మోయుచున్నాను. ఆ కథను కూడ నేడు దాచక చెప్పెదను.

మొట్టమొదటి తెలుగు టాకీ 1932వ సంవత్సరమున వెలువడినది. అది హెచ్. ఎమ్. రెడ్డిగారి 'భక్తప్రహ్లాద'. అటుపిమ్మట చాలకాలమువఱకు పల్లెలకు సినిమా కబురు వచ్చిన విధము మీరెఱుగనిది కాదు. ఎద్దుబండికి ఇరుప్రక్కల బొమ్మలు కట్టి, డప్పు వాయించుచు, కరపత్రములు విసరుచు పోయెడివారు. పిల్లలు బండివెంట పరుగెత్తి యా రంగుకాగితముల నేరుకొనెడివారు. పాటల పుస్తకములలో కథ సగము చెప్పి, తక్కినది వెండితెఱపై చూడుడని యూరించి విడిచెడివారు. పంటలు ఇంటికి చేరిన పిదప ఊరిబయట డేరా లేచెడిది. నేలటిక్కెట్టువారు ఇసుకను కుప్పచేసికొని, దానిపై పీఠమెక్కినట్లు కూర్చుండెడివారు.

ఇంత హంగామా యున్నను, పల్లెటూరి గృహస్థు డప్పు విని బండి కట్టెడివాడు కాడు. నలుగురు పోయివచ్చినచో ఒకనాటి కూలి పోవును. ఎద్దులకు ఒకరాత్రి విశ్రాంతి పోవును. కావున ముందు చూచివచ్చినవా డెవడో విచారించెడివాడు. వాడు మంగలి కావచ్చును, పాలు పోయువాడు కావచ్చును, పట్టణమునకు ధాన్యము తోలివచ్చిన పాలేరు కావచ్చును. వానిని అరుగుమీద కూర్చుండబెట్టి, "ఆడవాండ్రతో కలసి చూడవచ్చునా? పిల్లలు జడిసికొందురా? పాటలెట్లున్నవి?" అని అడిగెడివాడు. వాడు చెప్పినదే తీర్పు.

ఈ పద్ధతి కేవలము పామరుల పద్ధతి యని తలపవలదు. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణముల నంగీకరించిరి. శబ్దమనగా ఆప్తుని వాక్యము. ఆప్తుడనగా చుట్టమని యర్థము కాదు. ఉన్నదానిని ఉన్నట్లెఱిగి, ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పువాడు ఆప్తుడు. ఈ గీటురాతిమీద గీచి చూతము. గోడప్రకటన వేయించువానికి టిక్కెట్టు అమ్ముడుపోవలెనను కోరిక కలదు. వాడు ఆప్తుడు కాడు. తన కథానాయకుని చిత్రము విడుదల కాకమునుపే "అద్భుత" మనియు, ఎదుటివాని కథానాయకుని చిత్రమును చూడకయే "చెత్త" యనియు కేకలువేయు వీరాభిమాని ఉన్నదానిని ఉన్నట్లెఱుగడు. వాడును ఆప్తుడు కాడు. తన డబ్బిచ్చి, తన కన్నులతో చూచి, మనము చూచినను చూడకున్నను తనకు కాసంత లాభనష్టములు లేని సామాన్య ప్రేక్షకుడు మాత్రము ఆప్తుడు కాదగినవాడు.

అట్టివారి మాట యెంత పని చేయగలదో చెప్పుటకు ఒక్క నిదర్శనము చాలును. 1980వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున 'శంకరాభరణము' విడుదలయ్యెను. కె. విశ్వనాథ్ గారు దర్శకులు. ఏడిద నాగేశ్వరరావుగారు నిర్మాతలు. అందు పేరుమోసిన కథానాయకుడు లేడు. ముఖ్యపాత్ర ధరించిన జె. వి. సోమయాజులుగారు రెవిన్యూశాఖలో ఉద్యోగము చేయుచు, నాటకములాడుచుండినవారు. కథయా, ఒక వృద్ధ సంగీత విద్వాంసునిది, ఆయన విద్యను ఆరాధించు నొక నర్తకిది. కొట్లాటలు లేవు, గుఱ్ఱపుపరుగులు లేవు. మొదటి దినములలో హాళ్ళు వెలవెలబోయినవి. చూచిన కొలదిమంది ఇంటికి పోయి ఊరకుండలేకపోయిరి. ఒకరు నలుగురికి చెప్పిరి; ఆ నలుగురు మరునాడు తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వచ్చిరి. వారములు గడచినకొలది చిత్రములకు జనము తగ్గుట లోకమర్యాద. దీనికి జనము పెరిగిరి. కర్ణాటకమునను, తమిళనాటను తెలుగు సంభాషణలతోనే దానిని చూచిరి. సంగీతమునకు కె. వి. మహదేవన్ గారికిని, గానమునకు బాలసుబ్రహ్మణ్యముగారికిని, వాణీ జయరామ్ గారికిని జాతీయ బహుమానములు లభించినవి. ఆ బహుమానములకు ముందే చూచినవాని మాట దానిని నిలబెట్టినది.

ఇక నా తప్పిదము వినుడు.

అప్పటికి నాకు ఇరువదియొక్క యేండ్లు. సంస్కృతాంధ్రములు చదువుకొనుచు సెలవులకు ఇంటికి వచ్చితిని. మా తండ్రిగారు గ్రామ పురోహితులు. చిన్ననాట సంగీతము నేర్వనారంభించి, సంసారభారమువలన మానుకొన్నవారు. తెల్లవాఱుజామున బావిచెంత త్యాగరాజస్వామి కృతులను తమలోతాము పాడుకొనెడివారు. ఎవరైన వచ్చినచో ఆపివేసెడివారు. ఒకనాటి సాయంకాలము మా యూరి దర్జీ వచ్చి, అరుగుక్రింద నిలుచుండి యిట్లనెను:

"పంతులుగారూ, నిన్న దారపుండలకని పట్నం వెళ్ళి ఓ సినిమా చూశానండి. అందులో అచ్చం మీబోటి పెద్దాయన ఉన్నాడండి. ఆ పాటలు నాకు తెలిస్తే ఒట్టు. కాని ఇంటికొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదండి. తమరు ఒక్కసారి చూడాలి."

మా తండ్రిగారు అంతకు పదియేండ్లుగా సినిమాకు పోయినవారు కారు. ఆనాడు మాత్రము చిలుకకొయ్యమీది ఉత్తరీయమును తీసి భుజముపై వేసికొని, నావైపు తిరిగి, "ఏమిరా, చదువుకున్నవాడివి, చూడదగినదేనా?" అని యడిగిరి.

నే నా చిత్రమును చూడలేదు. చూడలేదని చెప్పుటకు నా పాండిత్యము అడ్డువచ్చినది. "తెరమీది సంగీతమూ ఒక సంగీతమేనా, నాన్నగారూ? రాగం పేరు పెట్టి జనాన్ని పిలుస్తున్నారు, అంతే" నంటిని. దర్జీ తలవంచుకొని వెళ్ళిపోయెను. మా తండ్రిగారు ఉత్తరీయమును మఱల కొయ్యకు తగిలించిరి. కొన్నాళ్ళకు పట్టణమునుండి ఆ చిత్రము వెళ్ళిపోయెను. ఆ కార్తికమాసమున మా తండ్రిగారు కాలధర్మము నొందిరి.

1983వ సంవత్సరమున, నేను ఉపాధ్యాయుడనుగా చేరిన యూరికి డేరాలో ఆ చిత్రము వచ్చినది. తోడి యుపాధ్యాయులు పిలువగా పోయితిని. కొంతసేపటికే తెఱమీద ఎవరున్నారో నాకు కనబడకపోయెను. బావిచెంత పాడుకొనుచు అడుగుల చప్పుడు వినగానే ఆపివేయు మనుష్యుడే కనబడెను. చదువురాని దర్జీ చూచి చెప్పినది యథార్థము. చదువుకొన్న నేను చూడక చెప్పినది అసత్యము. నా యసత్యమునకు శాస్త్రపు ముసుగొకటి.

సెలవులకు ఊరికి పోయి దర్జీని క్షమింపుమని వేడితిని. అతడు కుట్టుమిషనును ఆపి, నవ్వి చెప్పిన మాట నేటికిని నా చెవులలో నున్నది. "పోనీండి చిన్నయ్యగారూ. తమరు సెలవులయి వెళ్ళాక పంతులుగారు నా కొట్టుకొచ్చేవారు. కథంతా చెప్పించుకున్నారు. నేను గుండీలు కుట్టుకుంటూ చెబుతుంటే, ఆయన ఓ రాగం తీసి, 'ఇదేనా? ఇలాగేనా?' అని అడిగేవారు. కాదంటే ఇంకొకటి తీసేవారు. మావాడికి చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు అన్నారు."

ఆర్యులారా, ఆ దర్జీకి రాగముల పేర్లు తెలియవు. అయినను తాను చూచినదేదో, తనకు తెలియనిదేదో వేఱుచేసి చెప్పినాడు. ఎవరికి చెప్పవలెనో ఎఱిగి వచ్చి చెప్పినాడు. ఆప్తవాక్యమునకు అంతకు మించిన లక్షణము నేను చదివిన పుస్తకములలో లేదు. నాటినుండి నే నతనివలన నేర్చినవి కొన్ని కలవు.

మొదటిది, చూడనిదానిని చెప్పరాదు. "విన్నాను" అను మాటను "చూచితిని" అను మాటతో కలుపరాదు.

రెండవది, "బాగున్నది" అని యూరకొనక, ఎవరికి బాగుండునో చెప్పవలెను. బి. ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' 1951లో వచ్చినది. రాయలనాటి కథ, కృష్ణశాస్త్రిగారి పాటలు. మెల్లగా నడచు కథను ఓపికతో చూడగలవానికి దానిని చెప్పుదును. నిలుకడలేని కుఱ్ఱవానికి అదే యేట వచ్చిన 'పాతాళభైరవి'ని చెప్పుదును. తెలంగాణపు రైతులు దొరల దౌర్జన్యము నెదిరించిన కాలమును ఎఱుగగోరువానికి 1980లో వచ్చిన గౌతమ్ ఘోష్ గారి 'మా భూమి'ని చెప్పుదును. మనస్సు కలచివేయు ఘట్టములున్నవని ముందే హెచ్చరింతును.

మూడవది, కథ చివరను విప్పరాదు. విందుకు పిలిచి విస్తరిలోనిదానిని తానే తినిపోయినట్లగును. అయితే వినువాని దుఃఖము నెఱిగి కొంత చెప్పుట దోషము కాదు. 1947లో వచ్చిన, నాగయ్యగారు నటించిన 'యోగి వేమన'లో ఒక పసిబిడ్డ మరణము కలదు. ఇటీవల బిడ్డను పోగొట్టుకొన్న యింటివారికి ఆ మాట చెప్పక చూడుమనుట నిర్దయ.

నాలుగవది పెద్దలకు సంబంధించినది. మన మాటకు ఊరిలో బరువు కలదు. పదిమంది సిఫారసు చేసినను, పెద్దవాడొకడు పెదవి విఱిచినచో బండి కదలదు. కావున పెదవి విఱుచుటకు ముందు, "నేను చూచితినా?" అని మనలను మనమే యడుగుకొనవలెను.

నేడు డేరాలు అరుదైనవి, డప్పుబండ్లు పోయినవి. చేతిలో నిమిడెడు ఫోనులో వందలకొలది చిత్రములు వేచియున్నవి. పూర్వము చూచుటకు చిత్రము దొరకకపోవుట కష్టము. నేడు దేనిని చూడవలెనో తెలియకపోవుట కష్టము. "నీ విది చూచితివి గనుక అదియు చూడుము" అని యంత్రమే చెప్పుచున్నది. యంత్రము మనము చూచిన చిత్రముల నెఱుగును గాని, బావిచెంత మన మేమి పాడుకొందుమో యెఱుగదు. అది యెఱుగుటకు అరుగుక్రింద నిలుచుండి మాటలాడు మనుష్యుడే కావలెను.

పలువురి మాట యెట్లు నిలుచునో చెప్పి ముగించెదను. 1957లో వచ్చిన కె. వి. రెడ్డిగారి 'మాయాబజార్' 2010లో రంగులతో మఱల విడుదలయ్యెను. 2013లో, భారతీయ చలనచిత్రము నూఱేండ్లు నిండిన సందర్భమున, ఒక ఆంగ్ల వార్తా టెలివిజను వారు జనాభిప్రాయము కోరగా, దేశమునందలి చిత్రములన్నింటిలో దానికే అగ్రస్థానము లభించినది. ఓట్ల లెక్కయే ప్రమాణమని నేననను. ఒకటి మాత్రము నిక్కము. ఆ చిత్రమును మనుమలకు గోడప్రకటనలు చూపలేదు. అవ్వలు, తాతలు ప్రక్కన కూర్చుండి, "ఇదిగో ఘటోత్కచుడు వచ్చుచున్నాడు, చూడుము" అని చూపిరి.

కావున పెద్దలారా, మీరు చూచి మఱువలేని చిత్రమొకటి మీకు తప్పక యుండును. దానిని మీ యింటి పిల్లవానికి పేరు చెప్పి, ఎందుకు మఱువలేదో చెప్పి, వాని ప్రక్కన కూర్చుండి చూడుడు. పిదప వాని నడిగి, వాడు చెప్పిన చిత్రము నొకదానిని మీరును చూడుడు. వాడు "తాతా, ఇది నీవు చూడాలి" అని వచ్చిననాడు, నావలె పాండిత్యమును చూపక, ఉత్తరీయము భుజముపై వేసికొని బయలుదేరుడు. చిత్రము వెళ్ళిపోయిన పిమ్మట మఱల రావచ్చును. చూడవలసినవారు వెళ్ళిపోయినచో మఱల రారు.

సెలవు.