రెండో స్కాన్ విలువ



యువ వైద్యులారా, రేపు మీ ఓపీకి కోరుట్ల వైపు నుంచి బీడీలు చుట్టే ఒక అక్క వస్తుంది. "దారం ముడి పడ్తలేదు సార్" అంటుంది. ఆమె చెయ్యి పట్టుకుని చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంతపడిందా? మోచేతి లోపలివైపు నరాన్ని వేలితో తడమండి. అది తాడులా లావెక్కితే ముందు కుష్ఠు గుర్తుకు రావాలి. స్పర్శ చూడకుండా ఎమ్మారైకి చీటీ రాయకండి.

ఇక ఎమ్మారై చూపించేది ఏమిటి? నరం దెబ్బతింటే కండలో కొన్ని రోజుల్లోనే నీరు చేరుతుంది. ఎమ్మారైలో అది తెల్లగా మెరుస్తుంది. ఆ దశలో నరం కోలుకుంటే కండా కోలుకోవచ్చు. ఏళ్లు గడిస్తే కండ స్థానంలో కొవ్వు చేరుతుంది, ఆ పోయిన కండ మళ్లీ రాదు. నీటిలోని హైడ్రోజన్, కొవ్వులోని హైడ్రోజన్ అయస్కాంతానికి కాస్త తేడాగా స్పందిస్తాయి. ఆ తేడాతో రెంటినీ విడదీసే పద్ధతిని 1984లో డిక్సన్ అనే శాస్త్రవేత్త చూపించారు. అందుకే పిక్కలో నూటికి ఎంత కొవ్వుందో ఇవాళ చెప్పగలుగుతున్నాం. వంశపారంపర్యంగా వచ్చే షార్కో-మరీ-టూత్ నరాల జబ్బున్న 20 మందిని లండన్ వైద్యులు ఏడాది తేడాతో రెండుసార్లు స్కాన్ చేశారు. పిక్కల్లో కొవ్వు సగటున 1.2 శాతం పెరిగింది. 2016లో అచ్చయిన ఫలితమిది. కంటికి ఆనని ఈ మార్పే కొత్త మందు పనిచేస్తోందో లేదో తేల్చడానికి ఆధారం కాగలదు.

కండను కొలిచే ఈ విద్యలో మనవాళ్ల చెయ్యి కూడా ఉంది. కండకు శక్తినందించే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇప్పుడు అదే పదార్థాన్ని కోత లేకుండా, బతికున్న కండలో అయస్కాంతంతోనే కొలుస్తున్నారు.

ఇంత కొలవగలిగినా నన్ను బాధపెట్టేది ఒకటే. ఉట్నూరు నుంచి వచ్చే రోగి మొదటి స్కాన్ ఒకచోట, రెండోది మరోచోట తీయించుకుంటాడు. మిషను మారి, కాలు పెట్టిన తీరు మారి, స్కాన్ తీసిన మట్టం మారితే ఆ రెంటినీ పోల్చలేం. అప్పుచేసి కట్టిన డబ్బంతా వృథా.

కరీంనగర్‌లో కూర్చున్నా, ఆదిలాబాద్ రిమ్స్‌లో కూర్చున్నా చీటీ మీద తేదీ, ఏ కండ, మోకాలి నుంచి ఎంత దూరం అన్నది రాయండి. రోగిని మళ్లీ స్కాన్‌కు పంపేముందు పాతది తెప్పించి చూడండి. ఆ ఫిల్మూ సీడీ పారేయొద్దని ఇంటివాళ్లకు మీ నోటితోనే చెప్పండి.