నీరుగంటి పరిగెత్తడు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"పనులు ఎక్కువై కంగారు పుట్టినప్పుడు నిబ్బరంగా ఉండడం ఎలా అన్నదాని మీద మాట్లాడండి సార్" అని సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు మా ఇంటావిడ పక్కనే ఉంది. విని నవ్వింది. "దానికి మీరే దొరికినారా వాళ్లకు?" అంది. ఆమె నవ్వులో న్యాయం ఉంది. నేను పుట్టుకతో నిబ్బరం గలవాణ్ణి కాను. ఉన్న కాస్తా పోగొట్టుకుని, తర్వాత కొంచెం కొంచెంగా కూడబెట్టుకున్నవాణ్ణి. ఆ సంగతే చెబుతాను.

2017లో మా కాపురం మదనపల్లె. ఉద్యోగం కుప్పం చుట్టుపక్కల. ఒక ప్రైవేటు కంపెనీ తరఫున నాలుగు చోట్ల కల్వర్టులు, చిన్న వంతెనలు కట్టించే పని. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా వారానికి మూడుసార్లు పోయి రావడం. మా నాయన పుంగనూరు పక్కన మా పల్లెలో ఒక్కడే ఉండేవాడు. వారానికి మూడుసార్లు ఆ ఊరి అడ్డరోడ్డు దాటిపోయే నేను, ఆయన దగ్గర ఆగింది నెలకొకసారి.

ఒకరోజు కల్వర్టుకు అడుగుమట్టం పెడుతున్నాం. లెవెల్ పరికరంలో రీడింగు చూస్తుండగా ఇంకో సైటు నుంచి ఫోను. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో లెక్క. ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ వేశాను. మళ్లీ సరిచూసే తీరిక లేదనుకుని కాంక్రీటు పోయించేశాను. నాలుగు రోజుల తర్వాత ఆ పక్క కయ్య రైతు వచ్చి నిలబడి చాలాసేపు చూసి, "సారూ, నీళ్లు పల్లానికి పోతాయి గానీ మిట్టకు ఎక్కుతాయా?" అన్నాడు. అంతే. నాకు చెమటలు పట్టాయి. తప్పు ఇంకెవరిదీ కాదు, నాదే. పగలగొట్టి మళ్లీ పోయడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఒక్క నిమిషం మిగుల్చుకుందామని ఎనిమిది రోజులు పోగొట్టుకున్నాను.

ఆ వారంలోనే ఒక రాత్రి తిరిగి వస్తుంటే పలమనేరు దాటాక ఎద పట్టేసినట్టయింది. వేళ్లు తిమ్మిర్లు. ఊపిరి అందలేదు. బండి పక్కకు ఆపి, ఇక ఇంతే అనుకున్నాను. మదనపల్లెలో ఆస్పత్రికి చేర్చారు. ఈసీజీ తీశారు, రక్తపరీక్షలు చేశారు. గుండెకు ఏమీ లేదు. ఇది కంగారు వల్ల వచ్చినదని డాక్టరు చెప్పారు. పిల్లలూ, ఒక మాట గుర్తుంచుకోండి. ఎదలో నొప్పి వస్తే అది కంగారేలే అని మీకు మీరే తేల్చుకోకూడదు. ముందు డాక్టరే చూడాలి.

ఆయన ఒక కాగితం ఇచ్చి, "మీ తలలో తిరుగుతున్న పనులన్నీ రాయండి" అన్నారు. నూరు ఉంటాయనుకున్నాను. ముప్పై ఒకటి దగ్గర పెన్ను ఆగిపోయింది. మళ్లీ చూసుకుంటే రేపే కావలసినవి నాలుగు. అసలు నేను చేయనక్కర లేనివి, ఎవరో చేయవలసినవి తొమ్మిది. కొండ అనుకున్నది లెక్కపెడితే గుట్ట అయింది.

ఇంటికి తెచ్చిన ఆ కాగితాన్ని మా ఇంటావిడ చదివింది. "మామకు కంటి ఆపరేషన్ చేయించాలనుకున్నాం కదా, అది ఇందులో ఏదీ?" అంది.

లేదు. ముప్పై ఒక్క పనుల్లో మా నాయన లేడు. మూడుసార్లు వాయిదా వేశాను. వేసిన ప్రతిసారీ ఆయన, "నీకు తీరిక అయినప్పుడే చూద్దాంలే నాయనా" అన్నాడు. ఫోను మోగించేవాళ్లందరూ నా జాబితాలో ఉన్నారు, మోగించనివాడు లేడు. ఆ రాత్రి పడిన బాధ ముందు ఎద పట్టేయడం ఏపాటిది?

తర్వాతి వారమే ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పిన రోజు మా నాయన నా మొహం తేరిపార చూసి, "నువ్వింత నెరిసిపోయినావా అబ్బోడా!" అన్నాడు. ఆ తర్వాత మూడేళ్లు రోజూ పేపరు చదువుకుని, నిశ్చింతగా వెళ్లిపోయాడు.

ఆ కోలుకునే రోజుల్లో ఆయన మంచం పక్కన కూర్చుని నా బాధంతా చెప్పుకున్నాను. అంతా విని ఒకే ప్రశ్న అడిగాడు. "మన చెరువు నీరుగంటి పరిగెత్తంగా నువ్వెప్పుడైనా చూసినావా?"

చూడలేదు. ఇప్పటి పిల్లలకు నీరుగంటి అంటే తెలియకపోవచ్చు. మన వైపు ప్రతి చెరువుకూ ఒక నీరుగంటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, వంతుల వారీగా కయ్యలకు నీళ్లు కట్టడం ఆయన పని. కూలి కళ్లంలో ధాన్యంగా ముట్టేది. ఊరందరికీ నీళ్లు కావాలి, అందరికీ తొందరే. ఆయన భుజాన పార వేసుకుని నడిచిపోతూ ఉండేవాడు.

నీళ్లు తక్కువైన ఏడు ఊరు కూర్చుని, ఉన్న నీళ్లు ఎంత మడికి సరిపోతాయో చూసి, ఎవరి భాగం ఎంతో దామాషాలో తేల్చుకునేది. ఆయకట్టంతా పండిస్తామని ఎవరూ మాట ఇచ్చేవాళ్లు కాదు. నీళ్లు ఎక్కువైన ఏడు మొరవ ఉండనే ఉంది. కట్ట మోయలేని నీరు మొరవ మీదుగా కింది చెరువుకు పోతుంది. మన గొలుసుకట్టు చెరువులన్నీ అలా కట్టినవే. మొరవ పారితే చెరువు ఓడిపోయినట్టు కాదు. మొరవ లేని చెరువుకే కట్ట తెగే భయం.

ఇంజనీరింగు చదివిన నాకు ఇది తెలియదా? తెలుసు. చెరువుకు వర్తిస్తుందని తెలుసు గానీ నాకు వర్తిస్తుందని తోచలేదు. నాకు మొరవ లేదు. ఎవరు ఏం అడిగినా "సరే సార్, అయిపోతుంది" అనేవాణ్ణి. ఆ తర్వాత నేర్చుకున్న మొదటి మాట, "ఈ వారం కాదు సార్, వచ్చే బుధవారానికి ఇస్తాను." ఆ మాట గడువు దాటాక చెబితే సాకు అవుతుంది. ముందే చెబితే ఎవరూ కోప్పడలేదు. నేను భయపడినంత ఏమీ జరగలేదు.

కాగితం మీద రాయడం వెనుక శాస్త్రం కూడా ఉంది. బ్లూమా జైగార్నిక్ అనే పరిశోధకురాలు బెర్లిన్‌లో చేసిన ప్రయోగాలను 1927లో ప్రచురించారు. పూర్తయిన పనుల కంటే మధ్యలో ఆగిపోయినవే మనుషులకు ఎక్కువగా గుర్తుంటున్నాయని ఆమె గమనించారు. 2011లో అమెరికాలో మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు ఇంకో సంగతి చూపించారు. ఆగిన పనిని అప్పుడే పూర్తి చేయనక్కర లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో ఖాయంగా అనుకుంటే చాలు, అది మనసును పీకడం తగ్గుతుంది. రాత్రి పడుకోబోయే ముందు నేను రాసుకునే చీటీ అందుకే. రేపటి పనులు మూడు, అంతకు మించి రాయను. అందులో ఒకటి ఫోను మోగించనివాళ్లది.

పదో తరగతి పిల్లలూ, మీకు ఆరు సబ్జెక్టులు, ఆరు వందల మార్కులు. అన్నీ ఒక్కసారి తలుచుకుంటే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. హంద్రీ-నీవా సంగతి చూడండి. శ్రీశైలం నిండితే నీటిమట్టం 885 అడుగులు. మన కుప్పం రెండు వేల అడుగుల పైన. అంత ఎత్తుకు ఒక్క ఊపున నీళ్లు తోసే పంపు అక్కడ ఎక్కడా లేదు. ఒక పంపు ఒక మెట్టు ఎత్తి కాలువలో పోస్తుంది, తర్వాతి పంపు తర్వాతి మెట్టు ఎత్తుతుంది. అలా మెట్టు మెట్టూ ఎక్కి వచ్చిన కృష్ణ నీళ్లకే 2025 ఆగస్టులో పరమసముద్రం చెరువు దగ్గర హారతి పట్టారు. మీరు కూడా కుప్పం వైపు చూడకండి, ఈ మెట్టు చూడండి. ఈ గంటకు ఒక్క పాఠం. ఫోను వేరే గదిలో. గుండె దడదడలాడితే ఊపిరి నిదానంగా, తీసుకున్నదాని కంటే ఎక్కువసేపు వదలండి, పదిసార్లు. నిద్ర తగ్గించుకుని చదవకండి.

అయినా తగ్గకపోతే, బతుకు మీద ఆశ పోతోందనిపిస్తే, ఒక్క క్షణం కూడా దాచుకోవద్దు. అమ్మతో చెప్పండి, అయ్యవారితో చెప్పండి. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర లేదు. అడగడం కూడా మొరవే. తల్లిదండ్రులకు ఒక్క మనవి. పక్కింటి పిల్లల మార్కులు తెచ్చి మీ పిల్లల చెరువులో పోయకండి.

నాకు కంగారు పూర్తిగా పోయిందని చెబితే అబద్ధం. మొన్న ఈ ప్రసంగం రాయడానికి కూర్చున్నప్పుడు కూడా వచ్చింది. లేచి, నీళ్లు తాగి, చీటీ చూసుకున్నాను. మూడో వరసలో "బడి ప్రసంగం" అని ఉంది. మొదటి వరసలో పనికి ఫోన్ చేసి, గురువారం ఇస్తానని చెప్పి, కూర్చుని రాశాను.

మా నాయన లేడు. మా చెరువుకు ఇప్పుడు నీరుగంటి కూడా లేడు. తూము మాత్రం ఉంది. ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక, తీరిక చేసుకుని మీలో ఎవరైనా నాతో వస్తే చూపిస్తాను.