ముఖచోరులు

(పుర గ్రంథాలయ పఠనమందిరమున నొసగిన యుపన్యాసము)



ఒక సినిమాతార ఫోను తెరపై ప్రత్యక్షమై, తన చర్మకాంతికి ఫలానా క్రీమే కారణమని చెప్పుచున్నది. గొంతు ఆమెదే, పెదవుల కదలికయు ఆమెదే. కాని యా మాటలు ఆమె యెన్నడును పలికినవి కావు. ఆమె పాత చిత్రములనుండి మొగమును, సంభాషణలనుండి స్వరమును దొంగిలించి, కృత్రిమ మేధ యను యంత్రవిద్యచే నెవడో యీ బొమ్మను కట్టినాడు. "నేడు మాత్రమే సగము ధర" యని క్రింద నొక మీట. దానిని నొక్కి సొమ్ము చెల్లించినవారికి ఏ డబ్బా వచ్చునో, అసలు వచ్చునో రాదో దైవమున కెరుక. ఈ మోసమును గూర్చి నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

ప్రసిద్ధుల నోట సరకును పొగడించుట క్రొత్త కాదు. స్వదేశోద్యమ కాలమున గోద్రెజ్ సబ్బును రవీంద్రనాథ ఠాకూరు మెచ్చుకొనిన ప్రకటనలు వెలువడినవి. 1941లో లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనబడిరి. అట్టి ప్రకటనలను మెచ్చవచ్చును, మెచ్చక పోవచ్చును. కాని మాట యిచ్చినవారే దానికి పూచీపడిరి. నేటి దొంగ ప్రకటనలో పూచీపడువాడే లేడు.

అమెరికాలో ఈ వ్యాపారము ముందే ముదిరినది. నటీనటుల పేర కల్పిత సిఫారసులు ప్రకటించి, ముడుతలు పోగొట్టు లేపనములు, బరువు తగ్గించు మందులు అమ్మిన 19 కంపెనీల వ్యవహారము 2017 నవంబరులో రాజీతో ముగిసినది. "ఉచిత నమూనా" యని కార్డు నంబరు పుచ్చుకొని, తరువాత సొమ్ము లాగుట వారి పద్ధతి. ఫెడరల్ ట్రేడ్ కమిషను వేయించిన మొత్తము 17 కోట్ల 90 లక్షల డాలర్లు. అందు 64 లక్షలు చెల్లించినచో మిగిలినది నిలిపివేయుటకు ఒడంబడిరి! 2019 నవంబరులో సాండ్రా బులక్, ఎలెన్ డిజెనరస్ అనువారు ఇట్టి ముఖలేపన ప్రకటనలపైననే లాస్ ఏంజెలెస్‌లో దావా వేసిరి. ప్రతివాదుల పేర్లు తెలియనందున "అజ్ఞాత వ్యక్తులు 1 నుండి 100 వరకు" అని వ్రాయవలసి వచ్చినది. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఈ యొక్క సంగతి చాలును. అంత ధనము, అంత పలుకుబడి గలవారికే ప్రతివాది దొరకనిచో, తెనాలి బజారులో నాలుగువందలు పోగొట్టుకొనిన ఆడపడుచునకు ఎవడు దొరకును?

మన దేశమున తారలకు కొంత రక్షణ లభించినది. 2022 నవంబరులో అమితాబ్ బచ్చనునకు, 2025 సెప్టెంబరులో అక్కినేని నాగార్జునకు ఢిల్లీ హైకోర్టు ఉత్తరువు లిచ్చినది. ఆ సెప్టెంబరులోనే చిరంజీవికి హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు ఇచ్చినది. మంచిదే. తెలుపు క్రీము ప్రకటనలో నటింపనని 2019లో చెప్పిన సాయిపల్లవి వంటివారి మొగమునే రేపొక డబ్బాపై నతికించిన నేమి చేయవలెను? కోర్టున కెక్కుటకు ఆమెకు దారి యున్నది. ఆ డబ్బా కొని పూసికొనినవారి మొగమునకో?

ఆ మొగము మాటయే మాకు ముఖ్యము. కేరళలోని కొట్టక్కల్‌లో 2021 జూలై మొదలు 2023 సెప్టెంబరు వరకు మూత్రపిండముల వడపోత చెడిన 22 మంది రోగులను వైద్యులు పరిశీలించిరి. 15 మందిలో నెల్-1 అను ప్రోటీనుతో ముడిపడిన వ్యాధిరూపము కనబడినది. ఆ 15 మందిలో 13 మంది తెలుపు క్రీములు పూసికొనినవారు. చర్మమును తెలుపు చేయుటకు ఇట్టి క్రీములలో పాదరసము కలుపుదురు. అది చర్మమునుండి రక్తములోనికి దిగి మూత్రపిండమును చెరుచును. ఆ క్రీములు దొంగ ప్రకటనలవలన అమ్ముడైనవని మేము చెప్పుట లేదు. తయారుచేసినవాని పేరు లేని డబ్బాలో నేముండగలదో తెలియుటకే చెప్పితిమి.

ఇక చట్టము. 2019 వినియోగదారుల రక్షణ చట్టము 21వ సెక్షను తప్పుడు ప్రకటనకు 10 లక్షల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధించును. నిజముగా సిఫారసు చేసిన తారను కూడ ఏడాదిపాటు అట్టి పనికి దూరముగా నుంచవచ్చును. కాని ఆ సెక్షనులోనే యొక కన్నమున్నది: తన వ్యాపారక్రమమున ప్రకటనను ప్రచురించినవానికి, దానిని తీసివేయుమను ఉత్తరువు ముందే తెలిసియుండిన గాని, దండన లేదు. సమాచార సాంకేతిక చట్టము 79వ సెక్షనులో మరియొక కన్నము. సందేశము నెవరికి పంపవలెనో తాను ఎంపిక చేయని మధ్యవర్తికి బాధ్యత లేదట. అయ్యా, ప్రకటన లమ్ము కంపెనీ చేయు పనియే ఆ ఎంపిక కదా! ఏ యూరివారికి, ఏ వయసువారికి చూపవలెనో లెక్కగట్టి చూపించుటకే గదా సొమ్ము పుచ్చుకొనుచున్నది! గూగుల్ ప్రకటనల వ్యాపారమున కేవలము మధ్యవర్తి కాదని, క్రియాశీల భాగస్వామి యని ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టులో ట్రేడుమార్కు వ్యవహారమున చెప్పినది. ఆ న్యాయమును ముఖచోరులకు ఆశ్రయమిచ్చువారికిని వర్తింపజేయవలెను.

2025 నవంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ, ఫేస్‌బుక్ యజమానియైన మెటా కంపెనీ అంతరంగ పత్రములను చూచి యొక వార్త ప్రకటించినది. 2024 ఆదాయములో సుమారు 10 శాతము మోసపు ప్రకటనలనుండియు, నిషిద్ధ వస్తువుల ప్రకటనలనుండియు వచ్చునని కంపెనీవారే అంచనా వేసికొనిరట. నూటికి 95 పాళ్లు మోసగాడని తేలిననే గాని ప్రకటనకర్తను వెలివేయరట. అంతకు లోపు అనుమానమున్నవాని వద్ద హెచ్చు ధర వసూలు చేయుదురట! ఆ అంచనా స్థూలమైనదని, మితిమీరినదని కంపెనీ సమాధానము. కానిండు. దొంగసొత్తు కొనువాడు బేరమాడినట్లున్నది.

1910 ప్రెస్ చట్టము క్రింద మన జాతీయపత్రికల వద్ద ధరావతులు గుంజిరి. 1867 చట్టము ప్రకారము ప్రతి పత్రికపై ముద్రాపకుని పేరు, ముద్రణస్థలము వేయవలసి యుండెను. 2024 మార్చి వరకు ఆ చట్టము నిలిచినది. బీదపత్రికను పేరు చెప్పుమనిన ప్రభుత్వము, కోట్లు గడించు కంపెనీని మాత్రమేల అడుగరాదు? ప్రకటనకర్త యెవరు, తార సమ్మతిపత్ర మేది, సరకు తయారుచేసిన లైసెన్సు నంబ రేది, ఈ మూడును చూడనిదే ప్రకటన తీసికొనరాదని శాసింపవలెను. తీసికొనినచో నష్టమునకు ప్రకటనకర్తతోపాటు కంపెనీయు బాధ్యత వహింపవలెను.

శాసనము వచ్చులోపల మోసపోయినవారు సిగ్గుపడి యూరకుండరాదు. సొమ్ము పోయిన వెంటనే 1930కి ఫోను చేయుడు. సరకు వ్యవహారమైనచో 1915కు. ప్రకటన బొమ్మను, చెల్లింపు రసీదును చెరిపివేయక దాచుడు. డబ్బాను పారవేయవలదు, అదియే సాక్ష్యము. అర్జీ వ్రాయుట చేతకానివారికి మా వాలంటీర్లు ప్రతి ఆదివారము ఉదయము 9 గంటలనుండి ఈ మందిరపు వరండాలోనే కూర్చుండి వ్రాసి యిత్తురు.