గొంతుకు తేదీ ఉండాలి: బీటిల్స్ మళ్లీ కలిసిన డాక్యుమెంటరీ మీద ఒక పాత తగవు



మా మాస్టారి పేరిట ఈ ఏడాది స్మారకోపన్యాసం నన్ను చెయ్యమనడం నాకు దక్కిన గౌరవం. మాస్టారి పరిశోధన గురించి, ఆయన పాఠం చెప్పే తీరు గురించి ఇదే వేదిక మీద నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు వివరంగా చెప్పారు. నేను ఒక్క సంగతి చెప్పి ముందుకు వెళతాను. నేను రాసిన ఉత్తరాలను ఆయన ఎర్రసిరాతో దిద్ది, తిరుగుటపాలో నాకే పంపేవారు. జవాబు వేరే కాగితం మీద ఉండేది. అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉందని అడిగిన ఉత్తరంలో కూడా ఒక విభక్తి సరిచేశారు. అంత శ్రద్ధగా నన్ను చదివిన మనిషి మళ్లీ దొరకలేదు. ఆయనకు రాక్ సంగీతం మీద ఆసక్తి లేదు. అయినా ఇవాళ దాని గురించే మాట్లాడతాను. ఎందుకంటే, రికార్డయిన గొంతుకు తేదీ ఉండాలని చాలా ఏళ్లుగా నేను వదలకుండా పట్టుకున్న వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు ఇంకెక్కడా కనపడలేదు.

సినిమా కథ

బీటిల్స్ ఎవరో ఈ సభకు చెప్పనక్కర్లేదు. లివర్‌పూల్ కుర్రాళ్లు నలుగురు. 1970 ఏప్రిల్‌లో వాళ్లు విడిపోయిన వార్త బయటపడింది. 1980 డిసెంబర్ 8న న్యూయార్క్‌లో జాన్ లెనన్‌ను కాల్చి చంపారు. రిషీకేశ్ ఆశ్రమం గురించి, జార్జ్ హారిసన్ సితార్ గురించి మన పత్రికలు రాస్తూనే ఉన్నాయి. వాటి జోలికి నేను పోను.

నా విషయం 'ద బీటిల్స్ ఆంథాలజీ' అనే డాక్యుమెంటరీ. 1995 నవంబర్‌లో అమెరికా, బ్రిటన్ టీవీల్లో వచ్చింది. మరుసటి ఏడాది ఎనిమిది వీడియో క్యాసెట్లుగా అమ్మకానికి వచ్చింది. దాని మూలం ఇంకా పాతది. బ్యాండ్ విడిపోతున్న రోజుల్లోనే, వాళ్ల సంస్థ వ్యవహారాలు చూసే నీల్ ఆస్పినాల్ దొరికిన ఫిల్మంతా పోగుచేసి 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' అనే చిత్రం కూర్చాడు. అది జనం ముందుకు రాలేదు. 'బీటిల్‌మేనియా' అనే రంగస్థల ప్రదర్శన మీద నడిచిన దావాలో 1980 నవంబర్ చివర లెనన్ ఒక వాంగ్మూలం ఇచ్చాడు. ఆ చిత్రానికి ముగింపుగా నలుగురూ కలిసి కచేరీ చేసే ఆలోచన ఉందని అందులో చెప్పాడు. రెండు వారాలు తిరక్కముందే ఆయన లేడు.

అందుకని 1994లో కలిసింది ముగ్గురు: పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. లెనన్ ఇంట్లో పియానో ముందు కూర్చుని పాడుకున్న పాటల క్యాసెట్లను ఆయన భార్య యోకో ఓనో మెకార్ట్నీకి ఇచ్చింది. ససెక్స్‌లోని మెకార్ట్నీ స్టూడియోలో, నిర్మాత జెఫ్ లిన్ సాయంతో, ఆ గొంతుకు ముగ్గురూ తమ వాద్యాలూ గొంతులూ కలిపారు. 'ఫ్రీ యాజ్ ఎ బర్డ్', 'రియల్ లవ్' అలా వచ్చాయి. ఆ పని చేసేటప్పుడు లెనన్ చనిపోయాడనుకోకుండా, టేపు ఇచ్చి ఎక్కడికో వెళ్లాడు, మిగతా పని మనం పూర్తిచెయ్యాలి అనుకున్నామని వాళ్లే చెప్పారు.

పాట వరకు ఆ ఊహ నాకు సమ్మతమే. పాటను పాటగానే వింటాం. ఆ ఊహే డాక్యుమెంటరీలోకి కూడా వచ్చింది. నా తగవు అక్కడ మొదలవుతుంది.

తగవు

ఆంథాలజీలో కథ చెప్పేవాళ్లు చాలా తక్కువమంది. ముగ్గురు బీటిల్స్, ఆస్పినాల్, నిర్మాత జార్జ్ మార్టిన్, ప్రచారం చూసిన డెరెక్ టేలర్. బయటి చరిత్రకారుడు లేడు, వ్యాఖ్యాత లేడు. లెనన్ మాటలను మాత్రం పాత ఇంటర్వ్యూల నుంచి తీసుకున్నారు. 1990లలో కెమెరా ముందు కూర్చుని హారిసన్ ఒక మాట అంటాడు. వెంటనే లెనన్ గొంతు అందుకుంటుంది. దాని మీద మెకార్ట్నీ ఇంకో మాట వేస్తాడు. నలుగురూ ఒకే గదిలో కూర్చుని ముచ్చటించుకుంటున్నట్టే ఉంటుంది. లెనన్ ఆ మాట ఏ సంవత్సరంలో అన్నాడో, ఎవరు అడిగితే అన్నాడో చూసేవాడికి తెలియదు. నా అభ్యంతరమంతా ఇదే.

దీన్ని చిన్న విషయమని కొట్టిపారేసే మిత్రులకు రెండు టేపులు చూపిస్తాను. 1970 డిసెంబర్ 8న లెనన్ 'రోలింగ్ స్టోన్' సంపాదకుడు యాన్ వెన్నర్‌తో సుదీర్ఘంగా మాట్లాడాడు. బ్యాండ్ విడిపోయి కొన్ని నెలలే అయింది, గాయం పచ్చిగా ఉంది. మెకార్ట్నీ మీద కోపం, మార్టిన్ చేసిన పనిని చులకన చేసే మాటలు అందులో ఉన్నాయి. సరిగ్గా పదేళ్లకు, 1980 డిసెంబర్ 8న, హత్యకు కొన్ని గంటల ముందు, ఆర్‌కేఓ రేడియో వాళ్లతో మాట్లాడాడు. జీవితంలో జతగా పనిచెయ్యడానికి తాను ఎంచుకున్నది ఇద్దరినేననీ, వాళ్లు మెకార్ట్నీ, ఓనో అనీ, తన ఎంపిక తప్పు పోలేదనీ ఆ రోజు చెప్పాడు. గొంతు ఒకటే. చెబుతున్న మనుషులు మాత్రం ఇద్దరు. ఈ రెండు టేపుల్లో ఏది ఎక్కడ వాడినా, ఏడాది చెప్పకపోతే 'లెనన్ ఇలా అన్నాడు' అన్న మాటకు అర్థమే ఉండదు.

ఇలా ఏడాది వెయ్యడం వాళ్లకు చేతకాక కాదు. అదే సంస్థ, అదే సామగ్రితో 2000లో ఆంథాలజీ పుస్తకం తెచ్చింది. అందులో లెనన్ మాటల పక్కన ఏ ఏటి మాటో తెలిపే అంకెలు చిన్నగా ముద్రించారు. ఆ అంకెల వల్ల చదవడానికి అడ్డేమీ రాలేదు. 2003 డీవీడీలో అదనపు డిస్కు ఒకటుంది. హారిసన్ ఇంటి తోటలో ముగ్గురూ పచ్చిక మీద కూర్చున్నారు. హారిసన్ చేతిలో ఉకులేలే ఉంది. పాత పాటలు తలుచుకుని పాడుకుంటున్నారు. ఆ భాగానికి పెట్టిన పేరులోనే 1994 జూన్ అని ఉంది. బతికున్నవాళ్లకు నెలతో సహా తేదీ వేశారు. తిరిగి మాట్లాడే వీలులేని మనిషికి మాత్రం అసలు చిత్రంలో ఏడాది కూడా వెయ్యలేదు.

ఎదుటి వాదాలు

మొదటి వాదం: తెరమీద తేదీలు వేస్తే రసభంగం. దీనికి జవాబు దర్శకుడు పీటర్ జాక్సన్ 2021లో ఇచ్చాడు. 1969 జనవరిలో తీసిన సుమారు 60 గంటల ఫిల్ము నుంచి ఆయన 'గెట్ బ్యాక్' కూర్చాడు. అందులో తెరమీద క్యాలెండర్ వస్తుంది, ఒక్కో రోజూ గడుస్తుంది. జనవరి 6న మెకార్ట్నీ, హారిసన్ మాటామాటా అనుకుంటారు. 10న హారిసన్ బ్యాండ్ వదిలి వెళ్తాడు. తరవాత తిరిగి వస్తాడు. 30న మేడ మీద కచేరీ. అదే ఫిల్ము నుంచి 1970 మే నెలలో 'లెట్ ఇట్ బీ' వచ్చింది. అందులో ఈ క్రమం లేదు, హారిసన్ వెళ్లిపోయిన సంగతీ లేదు. విడిపోయారన్న వార్త విన్న నెల రోజులకు జనం ఆ సినిమా చూశారు. పదహారు నెలల కిందటి వాగ్వాదాన్నే విడిపోయే దృశ్యం అనుకున్నారు. ఆ అపోహ యాభై ఏళ్లు నిలిచింది. జాక్సన్ చిత్రానికి క్యాలెండర్ వల్ల రసం పోలేదు సరికదా, పదో తేదీ దగ్గరపడుతుంటే చూసేవాడికి ఊపిరి బిగుసుకుంటుంది.

రెండో వాదం: ఇది వాళ్ల సొంత కథ, వాళ్లకు నచ్చినట్టు చెప్పుకునే హక్కు వాళ్లకుంది. హక్కు ఉంది. కానీ సొంత జ్ఞాపకం కూడా తేదీ ముందు నిలబడాలి. 'ఆబీ రోడ్' ఆల్బమ్‌ను ఆఖరిదని తెలిసే చేశారన్న కథ చాలాకాలం చలామణీ అయింది. 2019లో చరిత్రకారుడు మార్క్ లూయిసన్ ఒక టేపు సంగతి బయటపెట్టాడు. 1969 సెప్టెంబర్ 8న లెనన్, మెకార్ట్నీ, హారిసన్ తమ కార్యాలయంలో కూర్చున్నారు. రింగో ఆస్పత్రిలో ఉన్నాడు కాబట్టి అతనికి వినిపించడానికి ఆ సంభాషణ రికార్డు చేశారు. 'ఆబీ రోడ్' అప్పటికే పూర్తయింది. ఆ టేపులో లెనన్ తరవాతి ఆల్బమ్ గురించి మాట్లాడుతున్నాడు; తలా నాలుగు పాటలు, రింగో కోరితే అతనికి రెండు అని పంపకాలు కూడా చెబుతున్నాడు. అదే నెల 20న అదే లెనన్ బ్యాండ్ వదిలేస్తున్నానని మిగతావాళ్లకు చెప్పాడు. మధ్య దూరం పన్నెండు రోజులు. ఈ పన్నెండు రోజుల్లో ఏం జరిగిందన్నది ఇప్పుడు అసలు ప్రశ్న. టేపు మీద తేదీ లేకపోతే ఆ ప్రశ్నే పుట్టదు.

మూడో వాదం పండితులది, అన్నిటికన్నా బలమైనది. మౌఖిక చరిత్రలో తేదీకి ప్రాధాన్యం లేదు, జ్ఞాపకం తప్పినా దానికో అర్థం ఉంటుంది అంటారు. మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లీని ఉటంకిస్తారు. నేను కూడా ఆయన్నే ఉటంకిస్తాను. ఇటలీలోని తెర్నీలో లుయీజీ ట్రాస్టుల్లీ అనే ఉక్కు కార్మికుడు 1949 మార్చిలో పోలీసుల చేతిలో చనిపోయాడు. దశాబ్దాల తరవాత అడిగితే చాలామంది కార్మికులు ఆ చావును 1953కు జరిపి చెప్పారు. నాటో వ్యతిరేక ఊరేగింపులో పోయినవాణ్ణి, ఉద్యోగాల తొలగింపు మీద జరిగిన పోరాటంలో పోయినట్టు గుర్తుంచుకున్నారు. ఆ జరపడంలోనే వాళ్ల అవమానమూ ఆత్మగౌరవమూ ఉన్నాయని పోర్టెల్లీ నిరూపించాడు. ఎలా నిరూపించగలిగాడు? చావు తేదీ తెలుసు కాబట్టి. ఎవరు ఏ కాలంలో నిలబడి చెబుతున్నారో తెలుసు కాబట్టి. నాలుగేళ్ల జరుగుబాటు కనపడాలంటే రెండు కొసలూ చేతిలో ఉండాలి. పోర్టెల్లీని అడ్డం పెట్టుకుని తేదీ అక్కర్లేదనేవాళ్లు ఆయన పుస్తకంలో సగమే చదివారు.

ఎరిన్ టార్కెల్‌సన్ వెబర్ 2016లో 'ద బీటిల్స్ అండ్ ద హిస్టోరియన్స్' అనే పుస్తకం రాసింది. 1970 నాటి ఆ ఒక్క కోపపు ఇంటర్వ్యూ తరవాతి పుస్తకాలను ఎంతగా నడిపించిందో అందులో వివరించింది. ఒక రోజు మాటను జీవితకాలపు తీర్పుగా వాడుకుంటే ఇలాగే జరుగుతుంది.

మన శాసన పరిశోధకులకు ఈ సంగతి కొత్త కాదు. కలమళ్ల శాసనం మీద తేదీ లేదు. లిపిని చూసి ఆరో శతాబ్దిదని తేల్చగలిగాం. అక్షరం కాలంతో మారుతుంది కనక రాయి తన వయసు తానే చెబుతుంది. గొంతుకు ఆ సౌకర్యం లేదు.

తేదీ నుంచి పేరు దాకా

2023లో విడుదలైన 'నౌ అండ్ దెన్' విన్నవాళ్లకు నా మాట తేలిగ్గా అర్థమవుతుంది. 1995లో లెనన్ క్యాసెట్‌లోని రొద వల్ల, గొంతును పియానో నుంచి విడదీయలేక ఆ పాటను పక్కన పెట్టారు. జాక్సన్ బృందం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌తో గొంతు విడివడింది. ఆ పాటలో లెనన్‌ది 1970ల గొంతు, హారిసన్‌ది 1995 గిటార్, మిగతా ఇద్దరిదీ ఇటీవలి పని. హారిసన్ 2001లోనే వెళ్లిపోయాడు. ఇక ముందు ఏ గొంతునైనా ఏ కాలానికైనా అతికించవచ్చు. 2025లో ఆంథాలజీని బాగుచేసి, 1994-95 కలయిక దృశ్యాలతో తొమ్మిదో భాగం చేర్చి మళ్లీ విడుదల చేశారు. సాంకేతికత ఇంత ముదిరిన ఈ కాలంలో తేదీ వెయ్యడం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. అది సాక్ష్యానికి ప్రాణం.

తేదీ ఉన్నా పేరు లేకపోతే అదీ సగం సాక్ష్యమే. హారిసన్ పాట 'వితిన్ యూ వితౌట్ యూ'కు 1967 మార్చి 15న లండన్‌లో దిల్‌రుబా, తబలా, తంబురా వాయించినవాళ్లు అక్కడే స్థిరపడ్డ భారతీయులు. రికార్డింగ్ తేదీ భద్రంగా ఉంది. కానీ ఆ పాట ఉన్న 'సార్జెంట్ పెప్పర్' ఆల్బమ్ అట్ట మీద వాళ్ల పేర్లు లేవు. ఆ పేర్లు అందరికీ తెలియడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

మన దగ్గర కూడా అదే జరిగింది. మద్రాసు స్టూడియోల్లో తెలుగు పాటకు వయొలిన్, వేణువు, క్లారినెట్, డోలక్ వాయించినవాళ్ల పేర్లు రికార్డు చీటీ మీద ఎక్కలేదు. గాయకుడి పేరుంది, సంగీత దర్శకుడి పేరుంది, కవి పేరుంది. ఉదయం కాల్షీట్‌కు వచ్చి, నొటేషన్ రాసుకుని, సాయంత్రం దాకా వాయించిన మనిషి లేడు. ఇప్పుడు నేను చేస్తున్న పని ఇదే: ఆ వాద్యకారుల మాటలను, వాళ్ల కుటుంబాలు దాచిన క్యాసెట్లను సేకరించి, ప్రతి గొంతుకూ పేరు, తేదీ, చోటు, అడిగినవారి వివరం చేర్చి భద్రపరచడం.

ఒక క్యాసెట్ సంగతి చెబుతాను. చీటీ మీద 'నాన్న మాటలు' అని మాత్రమే ఉంది. కీబోర్డు వచ్చాక వయొలిన్లకు పిలుపు తగ్గిందని ఆ వాద్యకారుడు నెమ్మదిగా చెబుతున్నారు. వెనక గదిలో టీవీ మోగుతోంది. చెవిపెట్టి వింటే క్రికెట్ వ్యాఖ్యానం: వకార్ యూనిస్ బౌలింగ్, అజయ్ జడేజా బ్యాటింగ్, బెంగళూరు మైదానం హోరు. అంటే 1996 మార్చి 9, ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్. అది తెలిశాక ఆ మాట బరువే మారింది. ఏనాడో పోయిన రోజుల్ని తలుచుకుంటున్న వృద్ధుడి మాట అనుకున్నది, పని పోతున్నప్పుడే మనిషి చెప్పిన వాంగ్మూలం అయింది. అన్ని క్యాసెట్ల వెనకా క్రికెట్ మోగదు. తేదీ చెప్పగల కొడుకులు, కూతుళ్లు, శిష్యులు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ పని ఇప్పుడే జరగాలి.

అందుకని ఈ సభకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో తాతగారి హరికథో, నాన్నగారి నాటక పద్యమో, అమ్మమ్మ చెప్పిన ఊరి సంగతులో ఉన్న క్యాసెట్ ఏదైనా ఉంటే, ఈ వారమే బయటికి తీయండి. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరు రికార్డు చేశారు: ఈ నాలుగూ కాగితం మీద రాసి ఆ డబ్బాలో పెట్టండి. తెలియకపోతే తెలిసినవాళ్లను ఇప్పుడే అడగండి. ఫోన్‌లో పెద్దవాళ్ల మాట రికార్డు చేసేటప్పుడు ముందుగా మీ గొంతుతో తేదీ, పేరు చెప్పి మొదలుపెట్టండి. మన తరవాత వచ్చే పరిశోధకుడికి ఈ నాలుగు ముక్కలే ఆధారం.