కెప్టెన్ నీమో వారి విందు

ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1869, 1870 సంవత్సరములలో పిల్లల పత్రిక యొకదానియందు ధారావాహికముగా వెలువరించిన ‘సముద్రగర్భమున ఇరువదివేల లీగులు’ అను నవలను బాల్యమున రెప్పవాల్పక చదివినవారు, నెరసిన తలతో దానిని మరల తెరచినచో, నాడు గుండెలదరిన తావులనే నేడు నవ్వు పుట్టుట గమనింపగలరు. ఆ లీగులు పయనించిన దూరమునకు కొలత. లోతే యనుకొంటిమా, కథలోని జలాంతర్గామి నాటిలస్ ఎనుబదివేల కిలోమీటర్లు దిగి భూగోళమును ఆరుమార్లు తూట్లు పొడిచి యుండవలెను!

కాని, శ్రోతలారా, నాకు మిక్కిలి ప్రియమైనది భోజనశాలా ఘట్టము. నేలపంటను పరిత్యజించిన ఆ నౌకాధిపతి కెప్టెన్ నీమో, తిమింగిలముల పాలమీగడను, ఉత్తర సముద్రపు నాచునుండి తీసిన చక్కెరను, ఎనిమోనులను జలచరముల మురబ్బాను తన నౌకలో చిక్కిన ఆచార్య అరొనాక్సునకు వడ్డించి, పిదప పొగాకు లేని నాచుచుట్టనొకదానిని సగర్వముగా అందించును. పాపము, ఆ పండితుడు అన్నిటిని మెచ్చుకొనును! ఆయన సేవకుడు కాన్సేయి మత్స్యముల వర్గములను, కుటుంబములను గుక్క తిప్పుకొనక ఏకరువు పెట్టునే గాని, ఎదుట ఈదుచున్న చేపను గుర్తింపజాలడు. తిమింగిలముల వేటగాడు నెడ్ ల్యాండునకో మత్స్యశాస్త్రము రెండే వర్గములు: తినదగినవి, తినదగనివి. నా యోటు ఆతనికే.

దక్షిణధ్రువమునకు మంచుక్రిందుగా నౌకను నడపుట మాత్రము వెర్న్ పొరపాటే; ఆ ధ్రువము మహాఖండముపై, దళసరి హిమపు పొరమీద నున్నది. 1911లో అన్వేషకుడు అముండ్సెన్ కుక్కల బండ్లపై దానిని చేరుకొనెను.

వెర్న్ తరువాతి కాలపు నవల ‘రహస్య ద్వీపము’న, ఈ నీమో 1857 తిరుగుబాటున పోరాడిన బుందేల్‌ఖండ రాకుమారుడు డక్కర్ అని తెలియవచ్చును. అంతటివాడు గోధుమరొట్టె, పప్పు లేక కడలి యడుగున అన్నియేండ్లు ఎట్లు గడపెనో వెర్న్ సెలవీయలేదు.